కాలవ అవతల ఆగిన బస్సు

పాలెంలో బస్ షెల్టర్ కడుతున్నారు. ఊరికి బస్సు ఎప్పుడు, ఎట్లా వచ్చిందో దాని గోడ మీద నాలుగు ముక్కలు రాయిద్దామని సచివాలయంలో పనిచేసే వెన్నెలకు తోచింది. పెద్దవాళ్లను అడగడానికి చేపలమ్మే గంగాభవాని ఇంటికి వచ్చింది.

"మొదటి బస్సా? బాగా తెలుసు. మాయమ్మను నెల్లూరు ఆస్పత్రికి తీసకపొయ్యింది దాంట్లోనే," అంది గంగాభవాని. "కాలవకు ఇవతల, ఆ ఇసకదిబ్బ కాడ ఆగింది. ఎర్ర బస్సు. కిటికీలోంచి అమ్మ చెయ్యి చాపితే పట్టుకున్నా."

ఆ తల్లి మళ్లీ ఇంటికి రాలేదు. అప్పటికి గంగాభవాని చిన్నపిల్ల.

పక్కన వల బాగు చేసుకుంటున్న ఆమె అన్న చిన్నపోలయ్య తలెత్తాడు.

"ఏం బస్సు మే? అమ్మను పడవలో తీసకపొయినారు. నాయనా నేనూ ఎత్తి పడుకోబెట్టినాం. అప్పటికి ఊళ్లోకి బస్సే రాలేదు."

"నీకు మతి పొయ్యింది."

"నాకా?"

ఏం రాసుకోవాలో వెన్నెలకు పాలుపోలేదు. ఈ దారిలో మొదట బస్సు నడిపిన హజరత్తయ్య నెల్లూరులో ఉన్నాడని మాత్రం చెప్పి వెళ్లింది.

గంగాభవానికి ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు చేపలమ్ముకుని, గంప చంకనే పెట్టుకుని, నెల్లూరులో హజరత్తయ్య ఇల్లు వెతుక్కుంటూ పోయింది. ముసలాయన అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించాడు.

"మీ పాలేనికి అప్పుడు వంతెన యాడుందమ్మా? అవతలి గట్టు మీదే బస్సు తిప్పుకునేవాణ్ణి. మీవోళ్లు పడవలో కాలవ దాటొచ్చి ఎక్కేవాళ్లు."

"ఎర్ర బస్సే కదన్నా?"

"కాదు, నీలం. ఒక షావుకారుది. ఎర్రబస్సు గవర్నమెంటోళ్లది, వంతెన కట్టినాక వచ్చింది."

"జబ్బుమనిషి ఒకామెను ఎక్కించుకున్నావా? నా అంత పొడుగుంటుంది."

హజరత్తయ్య ఆమె ముఖంలోకి పరీక్షగా చూశాడు. "ఎంతమందినో ఎక్కించుకున్నా తల్లీ. గుర్తు లేదు."

తిరిగొచ్చేటప్పుడు ఆమెకు అంతా కలగాపులగమైంది. పడవ నిజమే, బస్సూ నిజమే. మరి తను ఇవతలి గట్టున ఉంటే, అవతల బస్సులో ఉన్న అమ్మ చెయ్యి ఎట్లా అందింది? టికెట్టు కొడుతూ కండక్టర్ "యాడికమ్మా?" అంటే ఊరి పేరు వెంటనే నోటికి రాలేదు.

దిగి నేరుగా అన్న దగ్గరికి పోయి, అతన్ని కాలవ వంతెన మీదికి తీసుకొచ్చింది.

"ఆ పొద్దు నన్ను పడవ ఎక్కించినారా అన్నా?"

చిన్నపోలయ్య కింద నీళ్లకేసి చెయ్యి చూపాడు. "నువ్వు ఏడస్తా నీళ్లలోకి దిగినావు. నాయన రెక్క పట్టి లాగినాడు. పడవలోకి లాగినాడో, గట్టు మీదికి లాగినాడో... తెలవదు మే. నిన్నటిదాకా నాకంతా తెలుసనుకున్నా."

ఆమె అతని పక్కన వంతెన పిట్టగోడ మీద కూర్చుంది. ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ అమ్మ గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

"మొదట్నించీ చెప్పు. పొద్దున అమ్మ లేచిందా?"

"లేచింది. నీకు తల దువ్వింది."

"నాకా? కాదన్నా, పడుకునే ఉండె."

"దువ్వింది మే," అన్నాడతను. మళ్లీ అనుమానమొచ్చి, ఆ రోజు సంగతి వేరే చోట నుంచి మొదలుపెట్టాడు.