ఇప్పచెట్టు పరుగు

యాభై ఏళ్ల పండుగకు అచ్చువేసే సంచికలో బడి ఆటల చరిత్ర రాసే పని పుష్పలత నెత్తిన పడింది. వ్యాయామం టీచరుకు రాత పనేమిటని ఆమె గొణిగింది గానీ, హెడ్మాస్టరు వెంకటరామారావు వినే మనిషి కాదు. "కప్పుల సంగతి రాయుండ్రి మేడం. మచ్చలేని చరిత్ర మనది," అన్నాడు. ఎవరూ అడగకుండానే మచ్చ మాట ఎందుకెత్తాడో ఆమెకు అప్పుడు తట్టలేదు.

టేకులపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో ఉన్న ఆ చిన్న ఊరికి, గొప్పగా చెప్పుకోవడానికి ఉన్నదల్లా హైస్కూలు అమ్మాయిల ఖోఖో జట్టే. ఏటా వానాకాలంలో, జోనల్ పోటీలకు ముందు, జట్టులోని పన్నెండుమందీ బడి వెనక వాగు దాటి అవతలి గట్టున ఉన్న ఇప్పచెట్టును ముట్టి రావాలి. అందరికన్నా జోరుగా ఉరికే పిల్ల ముందు వెళ్తుంది, అందరూ తిరిగి బయలుదేరాక చివర్న వస్తుంది. ఈ ఆచారం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. మానేస్తే ఓడిపోతామని మాత్రం అందరికీ గట్టి నమ్మకం. ఇంత చదువుకుని పుష్పలత కూడా దానికి తలూపింది.

ఈ ఏటి పరుగు మర్నాడనగా, శుక్రవారం మధ్యాహ్నం ఆమె స్టోర్ రూంలో ట్రంకు పెట్టె తెరిచింది. నల్లబడిన కప్పుల కింద 1996 నాటి ఫొటోలు రెండు దొరికాయి, బడికి మొదటి జిల్లా కప్పు వచ్చిన ఏడాదివి. పోటీలకు ముందు దిగిన ఫొటోలో పన్నెండుమంది. కప్పు పట్టుకుని దిగిన దాంట్లో పదకొండుమందే. సర్టిఫికెట్లు అందినట్టు రిజిస్టర్లో సంతకాలు మాత్రం పన్నెండూ ఉన్నాయి.

లెక్క కుదరక జంపక్కను పిలిచింది. జంపక్క ఆ బడిలో అటెండరు. రోజూ సాయంత్రం గేటు దగ్గర నిలబడి, ఇళ్లకు పోయే పిల్లలను లెక్కపెడుతుంది. పేర్లు పిలవదు, తలలు లెక్కపెడుతుంది. ఎవరు చెప్పారమ్మా నీకీ పని అని టీచర్లంతా నవ్వేవాళ్లు, వాళ్లతో పాటు పుష్పలతా నవ్వేది.

"ఈ పొడుగు పిల్ల ఎవరు జంపక్కా? కప్పు ఫొటోల లేదు. కింద యశోద అని రాసి ఉన్నది."

జంపక్క ఫొటోను వెలుగులోకి పట్టుకుని చూసింది.

"యశోద కాదు మేడం. మా అక్క, లచ్చక్క."

"మరి పేరు?"

"మా అక్కకు పోటీల వయసు దాటింది. యశోద బడికి రాకపోయినా పేరు రిజిస్టర్ల ఉండె. ఆ పేరు మీద మా అక్కను ఆడిచ్చిండ్రు. ఉరుకుడుల ఆమెను మించినోళ్లు లేరు. ఇప్పచెట్టు ముట్టి ఆఖరుకు వస్తాంటే వాగొచ్చింది. ఈడ చినుకు లేదు మేడం, పైన గుట్టల్ల కొట్టింది వాన."

పుష్పలత రిజిస్టర్లో యశోద సంతకం మీద వేలు పెట్టింది.

"మా నాయన దూలయ్య బడికొస్తే అప్పటి సారు రిజిస్టర్ చూపిచ్చిండు. మా పిల్లలందరు ఉన్నరు, నీ బిడ్డ పేరు ఇండ్ల ఏదయ్యా అన్నడు. తునికాకుకు పోయి వాగుల పడ్డదని రాసుకున్నరు." జంపక్క ఫొటోను బోర్లా పెట్టింది. "తునికాకు కోసేది ఎండకాలంల, శ్రావణంల తునికాకేంది మేడం?"

పుష్పలతకు భయం వేసింది. లచ్చక్క కోసం కాదు, తన కోసం. పది రోజుల క్రితం అదే పని ఆమే చేసింది. తండా పిల్ల సోనికి పోటీల పదిహేడేళ్ల హద్దు కన్నా రెండు నెలల వయసు ఎక్కువైంది. సక్రి అనే పిల్ల తల్లిదండ్రుల వెంట కూలికి హైదరాబాద్ పోయింది, పేరు బడిలోనే ఉంది. సక్రి ఫారం మీద సోని ఫొటో అంటించినవి పుష్పలత చేతులే. అందరూ చేసేదే కదా అనుకుంది.

"రేపటి పరుగు ఆపేద్దాం," అంది.

"రేపేంది? ఇయ్యాల్నే పిల్లలను తోలిండు సారు. పుస్తకంల ఫొటో కావాల్నట."

పుష్పలత చెప్పులు వదిలేసి ఉరికింది. ఎండ ఫెళ్లున కాస్తోంది. వాగు మోకాలి లోతే ఉంది గానీ నీళ్లు ఎర్రబడ్డాయి, నురుగుతో పాటు ఎండుటాకులు కొట్టుకొస్తున్నాయి. వెంకటరామారావు గట్టు మీద నిలబడి ఫోన్లో ఫొటోలు తీస్తున్నాడు. పిల్లలు అవతల చెట్టు దగ్గర నవ్వుకుంటున్నారు. ఆమె దవడలు నొప్పి పుట్టేలా విజిల్ ఊదింది.

ఒక్కొక్కరే దిగి వచ్చారు. ఆఖరి పిల్ల గట్టెక్కేసరికి నీళ్లు నడుముదాకా లేచాయి. వెనకే వచ్చిన జంపక్క తడిసిన తలలన్నీ లెక్కపెట్టింది.

"పదకొండు."

సోని అవతలి గట్టున, నీళ్లలో ఒక కాలు పెట్టి నిలబడి ఉంది.

"దిగకే! చెట్టెక్కు!" అని అరిచింది పుష్పలత.

సోని కాలు వెనక్కి తీసుకుని చెట్టు మీదికి పాకింది. అంతలో ఎగువన హోరు వినిపించింది. మొద్దులతో, కంపతో వాగు అవతలి గట్టును మింగేసింది. చెట్టు చుట్టూ నీళ్లు కమ్మి, అది వాగు నడుమ ఉన్నట్టయింది. సోని కొమ్మల పంగలో ముడుచుకుని కూర్చుంది.

వెంకటరామారావు ముఖం పాలిపోయి, మళ్లీ కుదుటపడింది. 

"ఆగమాగం కాకుండ్రి మేడం," అన్నాడు మెల్లగా. "వాగు తగ్గుతదేమో చూద్దాం. జట్టు లిస్టుల సోని పేరు లేదు. సక్రి హైదరాబాద్ల ఉన్నది. మన కాయితాల లెక్కన అందరు ఉన్నట్టే."

ఫోన్ చేస్తే ఉద్యోగం పోతుందని ఆమెకు తెలుసు. జంపక్క ఆమెనే చూస్తూ నిలబడింది. పుష్పలత పోలీసుల వంద నంబరుకు ఫోన్ కొట్టింది. ఎక్కడ, ఏమిటి అన్నీ చెప్పింది.

"అమ్మాయి పేరు?" అని అడిగారు.

"సోని. లాల్‌సింగ్ బిడ్డ."

"వయసు?"

ఆమె వెంకటరామారావుకు వీపు తిప్పింది.

"పదిహేడు దాటి రెండు నెలలు. ఫారంల నేనే తప్పు రాసిన."

బోటు కొత్తగూడెం నుంచి రావాలి, గంట పడుతుందన్నారు. నీళ్లు సోని పాదాలను అందుకున్నాయి. జంపక్క గట్టు అంచుకు పోయి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. పదకొండు దాకా ఇవతలి పిల్లలను వేలితో చూపించి, ఆ వేలిని చెట్టు మీదకు ఎత్తింది.

"పన్నెండు!" అని సోనికి వినిపించేలా అరిచింది. కాసేపాగి మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టసాగింది.