చుక్కలు లేని సంచిక

"చుక్కలే గద! ముగ్గు ఏసినట్ల ఏసెయ్" అని మా ఆయన పత్రికల కట్టను నా ముందు దించి వెళ్ళేవాడు. పాటలను స్వరాలతో సహా అచ్చువేసే పత్రిక అది, పేరు 'స్వరకేదారం'. అట్ట మీద సంపాదకుడిగా ఆయన పేరు ఉండేది, వెంకట్రాములు అని. కర్నూలులో అచ్చయి, తుంగభద్ర దాటి, రైలులో గద్వాలకు వచ్చేది. ఆ అచ్చుకూటంలో సరిగమల అక్షరాలున్నాయి గాని వాటి నెత్తిన, పాదాల కింద ఉండవలసిన చుక్కలు లేవు. పైన చుక్క ఉంటే తారస్థాయి. కింద ఉంటే మంద్రం. ఏదీ లేకపోతే పైకెక్కవలసిన షడ్జం నడిమింట్లోనే చతికిలబడుతుంది. అందుకని ప్రతి నెలా, ప్రతి ప్రతిలోనూ ఆ చుక్కలు నేను పెట్టేదాన్ని. తుమ్మముల్లును సిరాలో ముంచి, రొట్టెలు కాల్చడం అయ్యాక, అంట్లు తోమబోయే ముందు, వెనకవసారాలో కూర్చుని పెట్టేదాన్ని.

పాటలకు స్వరం కట్టినదీ నేనే. వనపర్తి దగ్గర మా ఊళ్ళో నాయన భజనగుంపుకు హార్మోనియం వాయించేవాడు. నాకు మాటలతో పాటే స్వరాలూ వచ్చాయి. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకనాడు పిండి విసురుతూ గొంతెత్తాను. అత్త సుభద్రమ్మ తిరగలి మీద చెయ్యి వేసి ఆపింది. "ఏందే జములమ్మా, కోడలు గొంతు వాకిలి దాటుతదా? మేజువానీల పాడనీకి గిట్ల పోతవా ఏంది?" అంది. ఆమె కోపంగా అనలేదు. ఉప్పు తక్కువైందన్నట్టు అంది. నేను మళ్ళీ తిరగలి పిడి పట్టుకున్నాను. ఆనాటి నుంచి పాట నా గొంతులోనే తిరిగింది. ఆయన ఎక్కడెక్కడి పాటలో తెచ్చి నా ముందు చదివితే, పెదవి కదపకుండా లోపల పాడుకొని స్వరాలు రాసిచ్చేదాన్ని. పైస్థాయికి నేను వెళ్ళిన దారి ఆ చుక్క ఒక్కటే. నేను వెళ్ళకపోయినా మానవపాడులోనో వడ్డేపల్లిలోనో ఎవరో ఆ చుక్క చూసి గొంతెత్తుతారని నమ్మాను. వాళ్ళు పాడితే నేను పాడినట్టేనని కూడా నమ్మాను.

ఒకసారి బల్మూర్ నుంచి ఒక పంతులు వచ్చాడు. "మీ స్వరలేఖనం ఎంత శుద్ధం వెంకట్రాములుగారూ!" అన్నాడు. మా ఆయన సిగ్గుపడుతూ నవ్వాడు. ఆ సిగ్గు నాది కావలసింది. నేను తలుపు పక్క నుంచి మజ్జిగ చెంబు అందించాను.

రెండో పెద్ద యుద్ధం వచ్చింది. కాగితం పలచబడింది. అంతకు ముందే చందాదారులు పలచబడ్డారు. కిల్లా ముందరి చాయ హోటలులో గ్రామఫోను పెట్టె వచ్చింది. కాస్త కలిగినవాళ్ళ ఇళ్ళలో కూడా వచ్చింది. "పెట్టెకు చావి ఇస్తే అదే పాడుతది. ఇంక కాయితం చూసి గొంతు చించుకునేటోడు ఎవడుంటడు?" అని ఆయన పీట మీద కూర్చుని గోడతో చెప్పినట్టు చెప్పేవాడు. పోయిన పత్రికలు పోయినట్టే తిరిగి వచ్చేవి. అటక నిండింది. ఆయన దిగులు ఇల్లంతా పరుచుకుంటే అందరం దాని చుట్టూ మెల్లగా నడిచేవాళ్ళం. నా దిగులుకు ఆ ఇంట్లో చోటు లేదు. పత్రిక ఆయనది గనుక, పోతే నష్టం కూడా ఆయనదే.

ఆ వానకాలం నన్ను చలిజ్వరం పట్టుకుంది. కట్ట వచ్చిందని తెలిసింది గాని చెయ్యి లేవలేదు. ఆయన ఆగలేదు, చుక్కలు లేకుండానే టపాలో వేశాడు. దుప్పటి కింద వణుకుతూ నేను ఆ సంచికలోని పాటే లోపల విన్నాను. ఎక్కడో ఎవరో పైకెక్కవలసిన చోట కిందనే ఆగి, తడబడి, మళ్ళీ మొదలుపెడుతున్నట్టు అనిపించింది. తప్పు చూపిస్తూ కార్డు వస్తుందని, మాట పడవలసి వస్తుందని భయపడ్డాను. జ్వరం తగ్గింది. కార్డు రాలేదు. తరువాతి నెలలోనూ రాలేదు. ఆ భయం మెల్లగా ఎదురుచూపుగా మారింది. ఎవరైనా తిట్టాలని అంతగా కోరుకున్న మనిషి ఉంటుందా?

ఒకనాడు అన్నం వడ్డిస్తూ, చుక్కలు లేవని ఒక్క కార్డూ రాలేదని ఆయనకు చెప్పాను.

"మంచిదే గద! చుక్కలు లేకున్నా నడుస్తదన్నట్టు. ఉత్తగ పరేషాన్ అయితివి ఇన్నేండ్లు" అన్నాడు ఆయన, పప్పు కలుపుకుంటూ.

ఆయనకు అది ఊరట. నాకు అర్థమైంది వేరు. ఎవరూ పాడటం లేదు. పాడనివారికి పై షడ్జమూ కింది షడ్జమూ ఒక్కటే. ఎప్పటి నుంచి పాడటం లేదో! ఒకవేళ మొదటి నుంచీనేమో. పలికేవారు లేని స్వరం ఉన్నట్టా, లేనట్టా? నేను గుర్తును గొంతు అనుకున్నాను.

మరికొన్నాళ్ళకు సాలెవాళ్ళ తిరుపతమ్మ వచ్చింది. చీరల మడతల నడుమ జరీ ఒరుసుకోకుండా కాగితం పెడతారు. యుద్ధంతో ఆ కాగితం కరువై, మా అటక మీది పత్రికలు తీసుకుపోవడం మొదలుపెట్టింది. ఆ రోజు కట్ట విప్పి, ఒక్కొక్క పుట వెలుతురుకు పట్టి చూసింది.

"అక్కా, గీ చుక్కలేంది? అచ్చు సిరా అంటుతలేదు గానీ, గీ చుక్కలు జర చెమ్మ తగిల్తే చాలు, కారుతున్నయి. మొన్న ఓ పెండ్లి చీర కొంగుకు అంటింది. సావుకారి ఎన్ని మాటలన్నడో! చుక్కలు లేనియి ఉంటే ఇయ్యరాదు?"

తిరిగి వచ్చిన వాటిలో జ్వరం నాటి సంచిక ప్రతులు వెతికి ఇచ్చాను. ఆమె ముఖం విచ్చుకుంది. "గిదీ! గిట్ల శుద్ధంగ ఉండాలె" అంది. శుద్ధం అనే మాటను ఆ ఇంట్లో రెండోసారి విన్నాను.

మా ఆయన పక్కనే ఉన్నాడు. "సరే, ఇప్పుడొచ్చే సంచికతోని పత్రిక బంద్. దానికి చుక్కలు పెట్టకు. ఎట్లన్న చీరలకే పోతయి" అన్నాడు. నాకు చెప్పాడో తిరుపతమ్మకు చెప్పాడో తెలియలేదు.

ఆఖరి సంచిక వచ్చిన మధ్యాహ్నం ఆయన బయటికి వెళ్ళాడు. అత్త నడిమింట్లో పడుకుంది. ముల్లు తీశాను. సిరాబుడ్డి మూత తీశాను. మళ్ళీ బిగించాను. పుట తెరిచి, చుక్కలు లేని ఆ అక్షరాల ముందు కూర్చొని, ఎక్కడ ఎక్కాలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే గనుక, నోరు తెరిచాను. కింద సాగింది. నడుమ వణికింది. పై షడ్జం దగ్గర గొంతు లేదు. గాలి వచ్చింది, దాని వెనక ఒక గరగర. ఇన్నేళ్ళు లోపల నేను విన్న గొంతు ఎవరిదో గాని, నాది కాదు.

"ఎవరే ఆ దగ్గేది?" అంది అత్త నడిమింట్లో నుంచి.

"నేనే అత్తా. పాడుతున్న" అన్నాను. మళ్ళీ కింది నుంచి ఎత్తుకున్నాను.