రూమ్ నుంచి సమాచారం లేదు

గురువారం పొద్దున సాదియా స్కూటీకి స్టాండు వేయకముందే ఫోను మోగింది. చేసింది మంజూర్.

"బేటీ, మళ్లొచ్చింది."

"అదే మెసేజా చాచా?"

"అదే. 'రూమ్ నుంచి సమాచారం లేదు.' ఏ రూమ్? నా దగ్గర ఏడు రూములున్నయి. ఇది ఏ రూమో చెప్పదు. తెల్లారంగ ఒకసారి ఏడింటికీ తిరిగిన, ఇప్పుడు ఇంకోసారి తిరిగిన. అన్నీ మంచిగనే ఉన్నయి. ఉపాసముండి గా చలిల ఎన్నిసార్లు తిరుగమంటవ్?"

"నేను వచ్చేసిన చాచా. ఇయ్యాల తేలుస్త."

"మంగళవారం గూడ గిదే చెప్పినవ్" అని మంజూర్ ఫోను పెట్టేశాడు.

శంషాబాద్ విమానాశ్రయం వెనక, సరుకుల లారీలు బారులు తీరే రోడ్డు మీద ఉంది వాళ్ల కోల్డ్ స్టోరేజీ. విమానమెక్కే మందులు, పండ్లు, పూలు అక్కడి చల్లటి గదుల్లో కొన్ని గంటలు ఆగి వెళ్తాయి. గదుల దగ్గర మంజూర్ ఇన్‌ఛార్జి. కంప్యూటర్లన్నీ సాదియా బాధ్యత. మంజూర్ ఫోనుకు ఆ మెసేజ్ పంపేది ఒక చిన్న షెల్ స్క్రిప్ట్, అంటే కంప్యూటర్‌కు వరసగా ఇచ్చే ఆదేశాల చిట్టా. ఆమె కంటే ముందు ఆ సీట్లో కూర్చున్న మనిషి దాన్ని రాసిపెట్టి, బెంగళూరులో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. ప్రతి గదిలోనూ ఉన్న మీటరు తన రీడింగును ఆ గది పేరుతో ఉన్న ఫైల్లో రాస్తుంది. స్క్రిప్ట్ మాటిమాటికీ లేచి, ఫైళ్లన్నీ తెరిచి చూస్తుంది. ఎక్కడైనా వేడి పెరిగితే హెచ్చరిక పంపుతుంది. ఫైలే కనిపించకపోతే సమాచారం లేదంటుంది. ఒకేసారి బోలెడు మెసేజ్‌లు వెళ్లకుండా, మొదటిది పంపి మిగతావి మింగేస్తుంది.

ఇన్నేళ్లూ బాగానే నడిచింది. ఈ సోమవారం పూల కోసం ఏడో గది తెరిచారు. ఆ రోజు నుంచే ఈ గోల.

సాదియా తిన్నగా మీటర్ల టెక్నీషియన్ రాజశేఖర్ దగ్గరికి వెళ్లింది. అతనిది దగ్గర్లోని మంఖాల్ ఊరు. ఏడో గదిలో మీటరు బిగించింది అతనే.

"రాజశేఖర్, నీ కొత్త మీటర్ల ఏమన్న తేడా ఉందా?"

"అక్కా, మొన్న అడిగినవ్, నిన్న అడిగినవ్. మీటర్ పక్కాగున్నది. ఇగో చూడు." ఫైలు తెరిచి చూపించాడు. నాలుగు డిగ్రీలు, నాలుగు డిగ్రీలు, నాలుగు పాయింట్ ఒకటి. అంకెలు వరసగా దిగుతున్నాయి. "నీ ప్రోగ్రామ్ల ఉన్నది లొల్లి. నా మీదికి నూకకు."

 ఫైలు ఉంది. అందులో అంకెలున్నాయి. మరి ఏది లేదని ఏడుస్తోంది ఈ స్క్రిప్ట్?

తన సీట్లోకి వచ్చి, ల్యాప్‌టాప్‌లో ఉన్న స్క్రిప్ట్ కాపీని నడిపింది. ఒక్క తప్పూ రాలేదు. మళ్లీ నడిపింది. మళ్లీ శుభ్రంగా నడిచింది. అప్పుడు గుర్తొచ్చింది, ల్యాప్‌టాప్‌లో ఉన్నవి పాత ఆరు గదుల ఫైళ్లేనని. నుదురు కొట్టుకుని, సర్వర్‌లోకి వెళ్లి అక్కడ నడిపింది. 'రూమ్ నుంచి సమాచారం లేదు.'

"ఏ రూమే?" అని స్క్రీన్ మీదికే అరిచింది. పక్క సీట్లో లెక్కలు చూసుకుంటున్న మనీషా తల తిప్పి చూసి, మళ్లీ తన పనిలో పడింది.

స్క్రిప్ట్‌ను పైనుంచి కిందికి చదివింది. తర్వాత కింది నుంచి పైకి. బాగానే ఉన్నట్టుంది. ఎక్కడో సెమికోలన్ మీద అనుమానం వచ్చి తీసేసింది. అసలు నడవడమే మానేసింది. మళ్లీ పెట్టింది. ఫైళ్ల పేర్లన్నీ స్క్రీన్ మీద పరిచి చూసింది. రూమ్1, రూమ్2 అంటూ అన్నీ ఉన్నాయి. గొంతు ఎండిపోతోంది. రంజాన్ ఉపవాసం విడిచే మగ్రిబ్ నమాజుకు ఇంకా బోలెడు పొద్దుంది. మంచినీళ్లు తాగే వీలు లేదు, టీ పేరుతో నాలుగడుగులు బయటికి వెళ్లే సాకూ లేదు.

అప్పుడే మేనేజర్ హరిప్రసాద్ వచ్చి నిలబడ్డాడు. గుంటూరు వైపు మనిషి. కోపం వచ్చినా మర్యాద తగ్గదు. అదే ఆమెకు ఎక్కువ చిరాకు.

"సాదియా గారూ, ఆ మెసేజ్ సంగతి ఏమైందండీ?"

"చూస్తున్నాను సార్."

"రేపు మందుల కంపెనీ వాళ్లు తనిఖీకి వస్తున్నారు. వాళ్ల ముందు మంజూర్ ఫోను అలా మోగుతూ ఉంటే బాగుండదు కదా. దాన్ని ఆపేయండి."

"ఆపేస్తే, నిజంగా ఏమైనా అయితే ఎలా తెలుస్తుంది సార్?"

"సోమవారం నుంచీ నిజంగా ఏమీ కాలేదు కదండీ. కాని దానికి హెచ్చరికలు దేనికి? మధ్యాహ్నానికల్లా ఆపేయండి, ప్లీజ్."

అతను వెళ్లాక సాదియా మెసేజ్ పంపే లైను ముందు, దాన్ని పనిచేయకుండా చేసే కమెంట్ గుర్తు పెట్టబోయింది. ఒక్క గుర్తు పెడితే అందరూ ప్రశాంతంగా ఉంటారు. మంజూర్ కూడా. వేలు కీ మీదే ఆగింది. తెలియని తప్పు నోరు నొక్కేసి వదలాలంటే ఆమెకు ఒళ్లు మండింది. ఇంకొక్కసారి చూద్దామనుకుని, ఆ ఆదేశాలను నడిపే షెల్ తను చేసే ప్రతి పనినీ చేసేముందు పైకి చెప్పేలా పెట్టి స్క్రిప్ట్‌ను నడిపింది. పొద్దున్నే చేయాల్సిన పని అది. విసుగులో బుర్రకు తట్టలేదు.

లైన్లు దిగసాగాయి. రూమ్1 తెరుస్తున్నాను. రూమ్2 తెరుస్తున్నాను. అలా రూమ్6 దాకా వచ్చింది. తర్వాతి లైనులో 'రూమ్' తెరుస్తున్నాను అంది. ఆ తర్వాతి లైనులో '7' తెరుస్తున్నాను అంది.

సాదియా కుర్చీలో ముందుకు వంగింది. పాత ఫైళ్ల పేర్లలో మాటకూ అంకెకూ మధ్య ఖాళీ లేదు. రాజశేఖర్ కొత్తదానికి 'రూమ్ 7' అని, మధ్యలో ఖాళీ వదిలి పేరు పెట్టాడు. మనిషి కంటికి అదేం తేడా కాదు, అతని తప్పూ కాదు. కానీ కోట్ గుర్తుల మధ్య పెట్టని పేరులో ఖాళీ కనిపిస్తే, షెల్ దాన్ని రెండు పేర్లనుకుంటుంది. 'రూమ్' అనే ఫైలు లేదు. '7' అనే ఫైలు లేదు. మొదటిదాని పేరునే మెసేజ్‌లో పెట్టి పంపి, రెండోదాన్ని మింగేసింది.

"కోట్లు పెట్టలేదు మహానుభావుడు!" అని గట్టిగానే అంది. మొదట ఆ రాసిన మనిషి మీద కోపం వచ్చింది. తర్వాత ఇంకో సంగతి తట్టి, కోపం ఎటో పోయింది. 'రూమ్' కోసం వెతికింది, '7' కోసం వెతికింది. 'రూమ్ 7' ఫైలును మాత్రం స్క్రిప్ట్ సోమవారం నుంచి ఒక్కసారి కూడా తెరవలేదు. ఆ గదిలో వేడి పెరిగినా ఎవరికీ మెసేజ్ రాదు.

ఆ ఫైలు తనే తెరిచింది. పొద్దున నాలుగు డిగ్రీలున్న చోట ఇప్పుడు పదమూడు ఉంది.

మంజూర్‌కు ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే మెట్లు దిగి, ఎండలో లారీల మధ్యనుంచి గదుల వైపు పరుగెత్తింది. మంజూర్ తూకం దగ్గర డ్రైవర్‌తో మాట్లాడుతున్నాడు.

"చాచా, ఫోన్ ఎందుకు ఎత్తవ్?"

"సైలెంట్ల పెట్టిన. ఎన్నిసార్లు చూడాలె?"

"ఏడో రూమ్! జల్దీ!"

ఏడో గది తలుపు మీద ఎర్రగా 14 అని వెలుగుతోంది. మంజూర్ మొహం పాలిపోయింది. "పొద్దుగాల రెండుసార్లు చూసిన బేటీ. నాలుగే ఉండె. అల్లా కసం."

"నువ్వు అబద్ధం చెప్తున్నవని ఎవరన్నరు? లోపలికి పద."

లోపల గులాబీల అట్టపెట్టెలు పైకప్పు దాకా ఉన్నాయి. మహేశ్వరం వైపు తోటల నుంచి వచ్చినవి, సాయంత్రం దోహా విమానం ఎక్కాల్సినవి. కంప్రెసర్ చప్పుడు లేదు. సాదియా కేక విని రాజశేఖర్ పరుగున వచ్చి స్విచ్చులు ఎగదోశాడు. అది రెండుసార్లు గుర్రుమని ఆగిపోయింది.

"ఇది ఇప్పట్ల లేసేటట్టు లేదక్కా. మాల్ తీయాలె."

మూడో గది సగం ఖాళీగా ఉంది. హమాలీలు భోజనాలకు వెళ్లారు. ముగ్గురూ మోయడం మొదలుపెట్టారు. నోరు పిడచకట్టుకుపోతోంది, చున్నీ పెట్టెల మూలలకు తట్టుకుంటోంది. సాదియా దాన్ని నడుముకు బిగించి కట్టుకుంది. నాలుగోసారి పెట్టె ఎత్తుకుని వస్తుంటే హరిప్రసాద్ ఎదురొచ్చాడు.

"ఇంత జరుగుతుంటే హెచ్చరిక రాలేదేమండీ?"

సాదియా పెట్టె దించకుండానే అతని వైపు చూసింది. "సోమవారం నుంచి వస్తూనే ఉంది సార్. అది ఏం చెప్తోందో మనకు తెలియలేదు. పక్కకు జరగండి, బరువుగా ఉంది."

అతను జరిగాడు. కాసేపు నిలబడి చూసి, చొక్కా చేతులు మడిచి తనూ ఒక పెట్టె ఎత్తాడు. కింద చెయ్యి పెట్టకపోవడంతో అది జారి, గులాబీలు నేల మీద పడ్డాయి. 

పూలు పంపే కంపెనీ తరఫున మాధవీలత వచ్చి పెట్టెలు విప్పి చూసింది. తలుపు దగ్గర పేర్చినవాటిలో మొగ్గలు విచ్చుకున్నాయి. వాటిని పక్కన పెట్టించింది. లోపలివి నిలబడ్డాయి. "ఇంకో గంట లేటయితే మొత్తం పారబోసుకోవాల్సి వచ్చేది. మీ వాళ్ల కంప్యూటర్ దేనికుంది మరి?" అని హరిప్రసాద్‌ను నిలదీసింది. అతను తల వంచుకుని విన్నాడు.

సాదియా సీట్లోకి వచ్చి పడింది.  మరమ్మతు రెండు గుర్తుల పనే. గదుల జాబితాకు ముందూ వెనకా కోట్లు పెట్టి నడిపింది. మంజూర్ నుంచి వెంటనే ఫోను.

"బేటీ, ఇప్పుడు 'రూమ్1 రూమ్2 రూమ్3' అని అన్నీ కలిపి, సమాచారం లేదంటున్నదేంది?"

"యా అల్లా!" ఆమె బల్ల మీద తల వాల్చింది. జాబితా మొత్తాన్నీ ఒకే పేరు చేసేసింది. కోట్లు లేకపోతే ఒక పేరు రెండవుతుంది. తప్పుచోట పెడితే అన్నీ ఒకటవుతాయి. జాబితా అనేదే తీసేసి, ఫైళ్లను ఒక్కొక్కటిగా అందుకునేలా లైను తిరగరాసింది. అందుకున్న ప్రతి పేరుకూ విడిగా కోట్లు పెట్టింది. పేరులో రెండు ఖాళీలు, మధ్యలో చుక్క, మొదట్లో గీత ఉన్న దొంగ ఫైళ్లు చేసి నడిపి చూసింది. అన్నిటినీ సరిగ్గా చదివింది. ఆ తర్వాతే సర్వర్‌లో పెట్టింది.

రాజశేఖర్ తలుపు దగ్గర నిలబడ్డాడు. "అక్కా, గా ఖాళీ తీసేసి పేరు మార్చాల్నా?"

"వద్దు. రేపు ఇంకొకరు ఇంకో పేరు పెడ్తరు. పేరు ఎట్లున్నా ఇది చదవాలె."

సాయంత్రం హరిప్రసాద్ అందరికీ మెయిల్ పెట్టాడు. 'చిన్న సాంకేతిక లోపం వల్ల' అని మొదలుపెట్టి, 'వెంటనే సరిచేశాం' అని ముగించాడు. సాదియా చదివి, లేచి అతని గదిలోకి వెళ్లింది.

"సార్, చిన్న లోపం కాదు. సోమవారం నుంచి ఏడో గదిని మన హెచ్చరికల స్క్రిప్ట్ చూడనే లేదు. ఆ రోజుల్లో అందులోంచి వెళ్లిన సరుకు వాళ్లకు ఈ మాట చెప్పాలి."

"చెబితే ఏమవుతుందో తెలుసా అండీ?"

"తెలుసు. మీ మాటకు నేను మధ్యాహ్నమే దాన్ని ఆపేసి ఉంటే ఏమయ్యేదో కూడా తెలుసు."

 అతను ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు. "ఎలా రాయాలో మీరు చెప్పండి" అన్నాడు. ఆమె చెప్పింది. అతను టైప్ చేశాడు. పంపేముందు ఆగి అడిగాడు: "మీకంటే ముందున్నాయన రాసినవి ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయండీ?"

"చాలా ఉన్నాయి సార్. ఒక్కటీ ఎవరూ చదవలేదు."

"రేపటి నుంచి మనీషా మీకు సాయం చేస్తుంది. అన్నీ చదవండి."

సీట్లోకి వచ్చి, ఇంటికి వెళ్లేముందు ఒక్కటే చూద్దామని సాదియా తర్వాతి స్క్రిప్ట్ తెరిచింది. పాత రికార్డులను చెరిపేసే స్క్రిప్ట్ అది. రెండో లైనులోనే, చెరిపేయాల్సిన ఫోల్డర్ పేరు చుట్టూ ఒక్క కోట్ గుర్తు కూడా లేదు. పేరులో ఒక్క ఖాళీ వస్తే ఇది వేరే ఫోల్డర్‌ను చెరిపేస్తుంది.

"మనీషా" అని పిలిచింది, తల పట్టుకుని. "రేపు కాదు. కుర్చీ ఇటు లాక్కో."