టార్చి పట్టే ఇస్తారి

పొద్దున ఆరు గంటలకే ఇస్తారి ద్రాక్ష పందిరి కింద మెడ వెనక్కి వాల్చి, గుత్తుల్లో పగిలిన పళ్లను కత్తెరతో ఏరేస్తున్నాడు. నలభై రెండేళ్ల మనిషి. పద్దెనిమిదేళ్లుగా పైకి చూసి చూసి, రోడ్డు మీద కూడా గడ్డం ఎత్తే నడుస్తాడు. తెలియనివాళ్లు పొగరనుకుంటారు. పాపం, పొగరుకూ అతనికీ దూరపు చుట్టరికం కూడా లేదు.

దేవరయాంజాల్‌లోని ఆ తోట జానకిరామయ్యది. కూలీలు తన నల్ల ద్రాక్ష తినేస్తున్నారని ఆయనకు నిద్ర పట్టదు. అందుకే సాయంత్రం అందరినీ గేటు దగ్గర వరసగా నిలబెట్టి నాలుకలు చాపిస్తాడు. ఆయనకు చూపు ఆనదు కనుక టార్చి వేసేది ఇస్తారి. రంగంటిన నాలుక దొరికితే "రేపటి సంది రావద్దు" అని చెప్పి పని మాన్పించేదీ ఇస్తారే. ఆ మాట ఎంతమందితో అన్నాడో అతనికే లెక్క లేదు. అన్న ప్రతి రాత్రీ మాత్రం అన్నం సహించేది కాదు.

పెట్టెల్లో గుత్తులు సర్దే వినోదది అత్వెల్లి. మొగుడు పోయి ఆరేళ్లు. మూడేళ్లుగా ఇస్తారి సద్ది గిన్నెలో మామిడి తొక్కు పచ్చడి వేస్తూ వేస్తూ, ఒకనాడు "ఇట్ల ఎన్నొద్దులు ఎయ్యాలె?" అని అడిగేసింది. పెళ్లి మాట అలా ఖాయమైంది. బహదూర్‌పల్లిలో కొత్తగా లేస్తున్న కాలనీలో ఇద్దరికీ పనీ, ఉండటానికి గదీ ఆమె అన్న చూశాడు. ఇవాళ సాయంత్రం బస్సుకు బయలుదేరాలి. అయితే నిన్న ఆమె ఒక షరతు పెట్టింది.

"ఇగ ఇను. రేపు గా లైటు నా నోట్ల గొట్టినవనుకో, నేనొక్కదాన్నే పోత. మంది నోర్లల్ల లైటు గొట్టేటోనితోని నేను కాపురం జెయ్య."

"సారు పరేషాన్ జేస్తడే."

"జెయ్యనీ."

పొద్దున్నుంచీ ఇస్తారి ఒకటే ఆలోచిస్తున్నాడు. పని మానేస్తున్నానని సారుతో చెప్పేస్తే టార్చి గొడవే ఉండదు. చాయ్ వేళకు వెళ్లి నిలబడ్డాడు. చాయ్ తాగి తిరిగొచ్చాడు. మధ్యాహ్నం మళ్లీ వెళ్లాడు. జానకిరామయ్య గుత్తికో పండు తెంపి నోట్లో వేసుకుంటూ, తీపి సరిపోలేదని పందిరిని తిడుతున్నాడు.

"సారూ, ఒక మాట..."

"మాటలు తర్వాత. ఆ చివరి వరస ఎవడు కోస్తాడు, మీ నాయినా?"

ఇస్తారి వెళ్లి చివరి వరస కోశాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం ఆరు దాటింది. పదకొండు మంది వరసలో నిలబడ్డారు. వినోద చంకలో బట్టల సంచితో ఆఖరున నిలబడింది. సాలమ్మ నాలుక చాపింది, టార్చి వెలిగింది. తర్వాత మొగులయ్య. ఒక్కొక్కరూ తగ్గుతుంటే ఇస్తారి టార్చిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు. వినోద దగ్గరికి వచ్చేసరికి వెలుగు ఆమె కాళ్ల దగ్గరే ఆగిపోయింది. ఆమె నోరు తెరవలేదు. సారు వంక కాదు, ఇస్తారి వంకే చూస్తోంది.

"ఏందిరా, చెయ్యి పడిపోయిందా?" జానకిరామయ్య అరిచాడు. "ఎత్తు పైకి!"

ఇస్తారి ఉలిక్కిపడి ఆయన వైపు తిరిగి టార్చి ఎత్తాడు. వెలుగు అరుస్తున్న సారు నోట్లోనే పడింది. రోజంతా రుచి చూసిన నాలుక కొస నుంచి మొదలు దాకా నేరేడు పండులా ఉంది.

రంగు కనిపించగానే పద్దెనిమిదేళ్ల అలవాటు ఇస్తారి నోటి నుంచి దానంతటదే బయటికి వచ్చింది.

"రేపటి సంది రావద్దు."

ముందు సాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత నవ్వు ఎవరి చేతుల్లోనూ లేకుండా పోయింది. జానకిరామయ్య మాత్రం టక్కున నోరు మూసుకున్నాడు. తిట్టాలంటే మళ్లీ తెరవాలి కదా.

భయమూ సంతోషమూ ఒకేసారి వస్తే ఏది ఏదో ఇస్తారికి తెలియలేదు. టార్చి ఆర్పి సారు చేతిలో పెట్టాడు.

"పోదాం పా, జల్దీ. బస్సు పోతది," అంది వినోద.

బట్టలు తెచ్చుకుంటానని తోటలోని తన గదివైపు తిరగబోయాడు. తిరిగితే మళ్లీ సారు పిలుస్తాడేమో, మళ్లీ తను పలుకుతాడేమో అనిపించింది. తిరగలేదు. ఆమె చంకలోని సంచి తీసుకుని గేటు దాటాడు.

మధ్యాహ్నం ఉతికి పందిరి తీగ మీద ఆరేసిన అతని రెండో చొక్కా, గాలికి పడిపోకుండా గుండీలన్నీ పెట్టి ఉన్నది, అక్కడే ఆరుతోంది.