సంతకం కలవలేదు

విల్మా కుడిచేత్తో కవరు అందుకుని ఆ ఓటరు పాత సంతకమున్న కార్డు పక్కన పెట్టి, రెండు సంతకాలూ కలిశాయో లేదో చూసింది. కలిశాయి. ఇంకోటి అందుకుంది. కౌంటీ ఎన్నికల ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఇదే. మెడ ముందుకు వంగిపోయింది, కళ్లద్దాలు మందమయ్యాయి. పోస్టులో వచ్చిన ఓట్లు చాలావరకు ఆ అద్దాల కింద నుంచే వెళ్లేవి.

పోయిన వారం ఆమె అన్న ఓరిన్ కవరు వచ్చింది. సొంతవాళ్లది కాబట్టి ఆమె ముట్టుకోలేదు. బల్లకవతల ఎదుటి పార్టీ తరఫున సంతకాలు చూసే గ్లెన్ ఇంకొకరిని పిలిచాడు. కలవలేదన్నారిద్దరూ. నిజంగానే కలవలేదు.

ఓరిన్ రోడ్లు చదును చేసే బండి నడిపి రిటైరయ్యాడు. ఓటేసిన ప్రతిసారీ ఇచ్చే 'ఓటేశాను' స్టిక్కరు తన టిఫిన్ డబ్బా మూతకు అంటించుకోవడం అతని సరదా. పార్టీ అభ్యర్థిని ఓట్లతో ఎంచుకునే ఆగస్టు ప్రైమరీలో ఫిన్లే టీచరుకు గవర్నరు టికెట్టు దక్కితే, తన ఓటుతోనే నెగ్గిందని వారం రోజులు చెల్లెల్ని సతాయించాడు. సెప్టెంబరులో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అలా చేతిరాత మారినవాళ్లు ఆఫీసులో కొత్త సంతకం ఇచ్చి పెట్టుకోవాలని ఫోన్లో ఊరందరికీ చెప్పింది విల్మాయే. అన్నకు చెప్పడం మాత్రం మరిచిపోయింది.

కలవని సంతకం దిద్దుకోవడానికి గడువు ఇవాళ సాయంత్రం ఐదింటిదాకే. మధ్యాహ్నం ఫారం పట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది.

"అన్నయ్యా, ఇక్కడో సంతకం పెట్టు."

"మళ్లీనా? మీ ఆఫీసోళ్లకి నా రాత అంత నచ్చిందేంటే?" అని ఎడమచేత్తో రెండక్షరాలు గీశాడు. "స్టిక్కరు తెచ్చావా?"

"తెచ్చాలే. ముందు ఇది కానీ."

"కాస్త ఊపిరి తీసుకోనీ" అంటూ కళ్లు మూసుకున్నాడు.

మూడు దాటాక నర్సు వచ్చి నాడి చూసి, విల్మా భుజం మీద చెయ్యి వేసింది.

మిగతా అక్షరాలు విల్మాకు కంఠతా వచ్చు. పెన్ను చేతిలోనే ఉంది. రాయలేదు, రాయలేకపోయింది. ఐదింటికి ముందే ఫారం ఆఫీసులో ఇచ్చింది. సంతకం సగమే ఉందని పక్కన పెట్టేశారు.

ఆరింటికి గవర్నరు ఎన్నిక ఫలితం ఖాయమైంది. ఫిన్లే టీచరు నాలుగు వేల ఓట్లతో ఓడిపోయింది.

"మీ అన్న ఓటు కలిసినా మారేదేం లేదు విల్మా" అన్నాడు గ్లెన్, ఓదార్పుగానే. ఆ మాటకే ఆమెకు ఏడుపు ఆగలేదు.

మంచం పక్కనుంచి ఆమె తెచ్చుకున్న టిఫిన్ డబ్బా బల్ల మీద ఉంది. దాని మూత మీద ప్రైమరీ నాటి స్టిక్కరు పక్కన, ఇంకొకటి పట్టేంత చోటు.