ముందు చక్రాలకి నిమ్మకాయలు

పొదిలిలో తెల్లారిందంటే ఇలియాస్ కాలు ఇంట్లో నిలవదు. టీ తాగీ తాగకముందే బస్టాండుకి వెళ్లి, ఏ బస్సు ఏ ఊరికి పోతోందో చూసి, ఒక్కటీ ఎక్కకుండా తిరిగొస్తాడు. అక్కడ అతనికి పనేమీ లేదు, ఊరికే చూసి రావాలి, అంతే. కాలు కాలిన పిల్లి అని వాళ్లమ్మ పేరు పెట్టింది. పెళ్లయ్యాక ఆ పేరు భార్య మెహర్ వాడకంలోకి వచ్చింది.

పిడుగురాళ్లలో సున్నపు బట్టీలకి లారీ తోలాడు. గుంటూరులో మిర్చి యార్డు దగ్గర ఆటో నడిపాడు. దర్శిలో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టి, కూర్చోలేక తీసేశాడు. ఏ ఊళ్లోనూ మెహర్ సామాను సగానికి మించి విప్పలేదు. ఊరగాయ జాడీ అయితే గోనెపట్టాలోంచి బయటికే రాలేదు.

"ముక్క మగ్గేలోపు మళ్లీ లారీ ఎక్కాలి. ఆ రసమంతా దారి పొడుగునా ఒలకబోసుకోవడానికి ఊరగాయ ఎందుకండీ?" అనేది.

పొదిలి వచ్చాక ఒకరోజు అన్నం వడ్డిస్తూ చెప్పింది. "ఇక్కణ్ణించి నేను కదలను. కదలాలనుంటే మీరొక్కరే కదలండి." అరిచి ఉంటే ఇలియాస్ పట్టించుకునేవాడు కాదు. మామూలుగా చెప్పింది కాబట్టి భయపడ్డాడు.

అలాంటివాడి మనసు పాత జీపు మీదికి పోవడంలో వింతేముంది? ఏలీసమ్మ టీచరు గారు జీపు అమ్ముతున్నారని తెలియగానే ఆ మధ్యాహ్నమే వాళ్ల షెడ్డులో వాలాడు. ఆమె భర్త ఏసోబు పోయి ఏడాది తిరిగింది. పాత డీజిల్ జీపు, గట్టి రేకు, ఎక్కడో తప్ప తుప్పు లేదు. ఇలియాస్ కిందికి దూరి చాసిస్ తట్టి చూశాడు. ఆయిలు పుల్ల లాగి వాసన చూశాడు. కాసేపు హీటరు వేసి సెల్ఫ్ కొడితే ఇంజను ఒకసారి దగ్గి అందుకుంది.

"మిరప కోతలకి కూలీలను తోలతావా?" అని అడిగింది ఏలీసమ్మ.

"అవునండీ," అన్నాడు. అది అబద్ధం కాదు గానీ పూర్తి నిజమూ కాదు. ఈ బండి ఉంటే ఎటైనా పోవచ్చు అన్నది అతని లోపలి మాట.

"ఒకటి చెబుతున్నా, తర్వాత నన్ననొద్దు. మామూలుగా నడిపితే ఇది నీ బండే. ఫోర్ వీల్ లివరు వేశావంటే మాత్రం ముందు చక్రాలు మా ఆయన మాట వింటాయి."

ఇలియాస్ తలూపాడు. పాత బండ్లన్నాక ఏదో ఒకటి ఉంటుంది. ఒకటి ఆయిలు తాగుతుంది, ఇంకోటి చలికాలం మొరాయిస్తుంది. "క్లచ్ ప్లేట్లు ఎప్పుడు మార్చారండీ?" అని అడిగాడు.

బేరం కుదిరింది. కొన్న బండిని గేటు దాటించే ముందు నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాలి. అప్పుడే బండికి పాత చేతుల రుణం తీరిపోతుంది. ఇలియాస్ జేబులో రెండే ఉన్నాయి. బజారుదాకా వెళ్లి ఇంకో రెండు తేవచ్చు, కానీ అంతసేపు ఆగే ప్రాణం కాదు. తోసేవి వెనక చక్రాలే కదా అనుకున్నాడు. బండ్లు నడిపినవాడి తెలివి అది. వెనక చక్రాల కింద రెండూ పెట్టి, బిస్మిల్లా అని తొక్కించుకుని వెళ్లిపోయాడు. ఏలీసమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

జీపు కొన్నాక మొదటి వాన పడ్డ పొద్దున, వీధిలోని రేగడి బురద దాటడానికి, ముందు చక్రాలు కూడా లాగేలా ఇలియాస్ ఫోర్ వీల్ వేశాడు. అతను స్టీరింగు కుడికి తిప్పితే జీపు ఎడమకి పోయింది. చర్చి వెనక సందులో ఒక గుమ్మం ముందు ఆగింది. మాబూబీ అనే ముసలామె అన్నం క్యారేజీ పట్టుకుని వచ్చి ఎక్కింది.

"ఇవాళ ఇంత ఆలస్యమైందేం అబ్బాయ్?" అంది.

ఇంకో సందులో ఇద్దరు, రోడ్డు మీద నలుగురు ఎక్కారు. అందరూ ఏసోబు హయాంలో ఆ జీపులోనే మిరప కోతలకి వెళ్లినవాళ్లు. ఎక్కడా ఎవరూ ఆశ్చర్యపోలేదు. టీ కొట్టాయన, "ఏసోబు గారి బండి బయల్దేరిందే, వాన ఇప్పట్లో తగ్గేట్టు లేదు," అని పట్టా కట్టుకున్నాడు. సాయంత్రం అందరినీ దింపేదాకా ముందు చక్రాలు ఇంటివైపు తిరగలేదు. చివరి మనిషి దిగందే ఏసోబు ఏనాడూ ఇల్లు చేరలేదట. అదీ మాబూబీయే చెప్పింది.

అలా వెతక్కుండానే ఇలియాస్‌కి పని దొరికింది. మెహర్ కూడా కోతకి వెళ్లి, కొద్ది రోజుల్లోనే ఆడవాళ్ల ముఠాకి పెద్ద అయింది. పొద్దున పొలం, సాయంత్రం ఇల్లు. మళ్లీ పొద్దున అదే పొలం. ఆ దారిలో గుంతలన్నీ నోటికి వచ్చేసరికి ఇలియాస్‌కి ఊపిరాడలేదు. స్టీరింగు దగ్గర కూర్చున్నా మోకాలు ఊగుతూనే ఉండేది.

అప్పుడు ఒంగోలు దాటాక సముద్రం ఒడ్డునున్న కొత్తపట్నం నుంచి సిలార్ ఫోను చేశాడు, ఇద్దరూ ఒకప్పుడు ఒకే లారీ తోలినవాళ్లు. "ఒరేయ్, ఇసకలో పడవలు లాగడానికి ఫోర్ వీల్ బండి కావాలి. రేపు వస్తే పని నీది. ఎల్లుండైతే ఇంకోడిది."

మర్నాడు ఆడవాళ్లను పొలంలో దింపినప్పుడు సీటు కింద ఇలియాస్ బట్టల సంచి ఉంది. సాయంత్రానికి ఏదో ఒక ఆటో పంపిద్దామనుకున్నాడు. మెహర్‌కి ఒంగోలు చేరాక ఫోను చేద్దామనుకున్నాడు. మిరప చాళ్లలోకి నడుస్తూ మెహర్ ఒకసారి వెనక్కి చూసింది. అతను అద్దం తుడుస్తున్నట్టు నటించాడు.

ఒంగోలు రోడ్డులో ఒకచోట వంతెన కడుతున్నారని బళ్లను పొలాల డొంకలోకి మళ్లించారు. సరిగ్గా అక్కడే ఆకాశం నల్లబడి వాన దంచింది. రేగడి మట్టి చక్రాలకి చుట్టుకుంది. జీపు నిలబడిపోయింది. ఎంత తొక్కినా వెనక చక్రాలు గొయ్యి తవ్వుకోవడమే.

ఇలియాస్ లివరు వైపు చూశాడు. వేస్తే ఏమవుతుందో తెలుసు. వేశాడు.

జీపు గోతిలోంచి లేచి వెనక్కి తిరగబోయింది. అతను స్టీరింగు సముద్రంవైపు బలంగా తిప్పి పట్టుకున్నాడు. వెనక చక్రాలు ఒంగోలుకి తోస్తున్నాయి, ముందు చక్రాలు పొదిలికి లాగుతున్నాయి. జీపు గానుగెద్దులా అక్కడక్కడే తిరిగింది. చేతులు బొబ్బలెక్కాయి. "పొలంలో వాళ్లు తడుస్తారు, నాకు తెలుసు. ఆటో పంపిస్తాగా," అన్నాడు గట్టిగా, ఎవరితోనో. ఈ వానలో ఆ పొలానికి ఏ ఆటో పోలేదని అతనికి తెలుసు. అన్న మాట తన చెవికే సిగ్గుగా తగిలింది. చేతులు వదిలేశాడు.

పొలం గట్టు మీద ఆడవాళ్లంతా ఒక్క పట్టా కింద ముడుచుకుని ఉన్నారు. "వస్తాడని చెప్పలా?" అని మాబూబీ ఎక్కింది. ఎవరు వస్తారందో ఇలియాస్ అడగలేదు. అందరూ ఎక్కాక మెహర్ ముందు సీటుకి వచ్చింది. సీటు కింద సంచి కనపడింది. లోపల దువ్వెన, లుంగీలు, ఆధారు కార్డున్న కవరు. జిప్పు వేసింది.

"కింద నీళ్లొస్తున్నాయి, తడుస్తుంది," అని సంచి ఒళ్లో పెట్టుకుంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఇలియాస్‌కి.

అందరూ వాళ్ల వాళ్ల గుమ్మాల దగ్గర దిగాక ముందు చక్రాలు ఏలీసమ్మ ఇంటివైపు తిరిగాయి. ఆమె గొడుగు వేసుకుని గేటు దగ్గరే ఉంది. మెహర్ ఒళ్లో సంచి చూసింది, ఇలియాస్ చేతుల మీద బొబ్బలు చూసింది.

"ఆ రోజు నిమ్మకాయలు రెండే పెట్టావు."

"అప్పుడే చెప్పాల్సిందండీ."

"చెప్పాల్సిందే. ఆయన వెళ్లిపోవాలన్న తొందర నాకు లేకపోయింది."

పెరట్లో చెట్టునుంచి రెండు కాయలు కోసుకొచ్చింది. "నాకీ నమ్మకాలు లేవు. ఆయనకుండేవి. వీటిని ముందు చక్రాల కింద తొక్కించు. ఇక ఎటు తిప్పితే అటు పోతుంది." మాట మామూలుగానే ఉంది, గుప్పిట మాత్రం వెంటనే తెరుచుకోలేదు.

ఇలియాస్ కాయలు తీసుకుని జీపు ముందుకొచ్చి వంగాడు. కొత్తపట్నం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు బయల్దేరినా సిలార్ కాదనడు. మెహర్ అద్దంలోంచి అతన్నే చూస్తోంది. తడిసిన టైరు మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది. ఒకే దారిన ఇన్నేళ్లు తిరిగి, ప్రతి సాయంత్రం ఈ గేటు దగ్గరే ఆగిన మనిషి మీద అతనికి అసూయ పుట్టింది. కొత్తపట్నం మీద కూడా ఎప్పుడూ అంత ఆశ పుట్టలేదు.

లేచి, మెహర్ పక్కకొచ్చి, కాయలు సంచి మీద పెట్టాడు.

"ఊరగాయకి పనికొస్తాయా?"

మెహర్ చాలాసేపు అతని మొహం చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, వాటిని రానివ్వలేదు.

"రెండు కాయలకి ఊరగాయ ఎవరు పెడతారు? టీచరు గారిని అడగండి, ఇంకో పాతిక కోసుకుంటామని."

ఏలీసమ్మ బుట్ట కోసం లోపలికి వెళ్తూ, ముందు చక్రాలకున్న బురద చూసి, "కాళ్లు కడుక్కోండి, వస్తున్నా," అంది.

ఇలియాస్ ఇంజను ఆపాడు. లివరు మాత్రం ఫోర్ వీల్‌లోనే ఉంచాడు.