గోనెమిల్లు పోస్టాఫీసు

పట్టపగలు, ఊరంతా చూస్తుండగానే, మిల్లు యజమాని మనుషులు పోస్టుమాస్టరు నాగదుర్గను ఆఫీసులోంచి రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చి రోడ్డు మీద పడేశారు. ఆ వెనకే ముద్రలు, తూకం మిషను, ఉత్తరాల సంచీ బురదలోకి వచ్చిపడ్డాయి.

సంపూర్ణమ్మ కుళాయి దగ్గర బిందె వదిలేసి పరుగెత్తింది.

"ఆడకూతురి మీద చెయ్యేస్తార్రా? మీ చేతులు పడిపోనూ!"

మిల్లు మూతపడేదాకా గోనెలు కుట్టి బతికిన మనిషి ఆమె. ఇప్పుడా మిల్లు స్థలాన్ని పాత యజమాని మనవడు వెంకటకృష్ణారావు అపార్టుమెంట్ల కోసం చదును చేయిస్తున్నాడు. కార్మికుల లైనిళ్ల మీద మాత్రం కోర్టులో కేసు నడుస్తోంది.

"స్థలం నాది, బిల్డింగు నాది. తపాలా శాఖ పైవాళ్లతో మాట్లాడేశాను," కారు దిగకుండానే అన్నాడు వెంకటకృష్ణారావు. "ఉత్తరాలు కావాలంటే హనుమాన్ జంక్షన్ పోయి తెచ్చుకోండి. అయినా ఈ రోజుల్లో మీకు ఉత్తరాలు రాసేదెవడే?"

"కోర్టు రాస్తది," అంది సంపూర్ణమ్మ. "వాయిదా కాయితం మాకు అందకపోతే కేసు పోద్ది. కేసు పోతే కొంపలు పోతాయి. నీ ఎత్తు తెలవనంత ఎర్రోళ్లమా?"

కారు అద్దం పైకి లేచింది. తెల్లారితే జేసీబీ వస్తుందని అతని మనుషులు చెప్పిపోయారు.

సాయంత్రం చర్చి వరండాలో జనం పోగయ్యారు.

"మిల్లోళ్ల గొడవలోకి మగ్గాలోళ్లం మేమెందుకండీ రావటం? మా చీరలు కొరియర్లో పంపుకుంటాం," అన్నాడు నేతపని చేసే భావనారాయణ.

సంపూర్ణమ్మ మొగుడు శౌరయ్య దగ్గు ఆపుకుంటూ లేచాడు. మిల్లులో పీల్చిన జనపనార దుమ్ము అతని ఊపిరితిత్తుల్ని తినేసింది.

"తెల్లోడి కాలంలో తపాలా మిల్లు బంగళాకే వచ్చేదయ్యా. మేనేజరు విప్పి చదివేవాడు. బుద్ధిపుడితే ఇచ్చేవాడు, లేకపోతే బాయిలర్లో పారేసేవాడు. మా తాతకి తల్లి పోయిందని కార్డొస్తే, గోనెల ఆర్డరు పూర్తయ్యేదాకా దాచిపెట్టాడు. తాత ఊరెళ్లేసరికి గోరీ మీద గడ్డి మొలిచింది. అప్పుడు మిల్లాపేశారు మనోళ్లు. గేటు బయట పోస్టాఫీసు పెట్టమన్నారు. ఎముకలిరిగేట్టు కొట్టినా లోపలికి పోలా. పూరిపాకలో పోస్టాఫీసు తెరిచాకే మిషన్లు తిరిగినయ్. ఆ పాకకి తడికెలు మోసుకొచ్చింది ఎవరనుకున్నావ్, భావనారాయణా? మీ మగ్గాలోళ్లే!"

భావనారాయణ లేచొచ్చి శౌరయ్య పక్కన నిలబడ్డాడు. "రేపు మేవూ వస్తాం," అన్నాడు.

పొద్దున పోస్టాఫీసు చుట్టూ జనం చేతులు పెనవేసుకుని కూర్చున్నారు. జేసీబీ వెంట వచ్చిన పోలీసులు ఆడవాళ్లను జుట్టు పట్టి లాగారు, మగవాళ్లను బూట్లతో తన్నారు. సంపూర్ణమ్మ పెదవి చిట్లింది. ఆ తోపులాటలో శౌరయ్య లోపలికి దూరి గోడకు వీపానించి కూర్చున్నాడు.

"లోపల మనిషున్నాడు సార్," జేసీబీ ఆపేశాడు డ్రైవరు.

"గోడ కదిలితే వాడే పరిగెత్తుకొస్తాడు. కొట్టు!" అన్నాడు వెంకటకృష్ణారావు.

శౌరయ్య పరిగెత్తలేదు. పరిగెత్తే ఊపిరి అతనికి లేదు.

గోడ కూలింది. సంపూర్ణమ్మ ఇటుకలు చేతుల్తో లాగింది. గోళ్లు ఊడుతున్నా ఆగలేదు. ముందు చెప్పు దొరికింది, తర్వాత కాలు. డ్రైవరు దిగి రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాడు. "ప్రమాదం," అని ఎస్సై అక్కడికక్కడే తేల్చేశాడు.

శౌరయ్యను మట్టిలో పెట్టాక జనం ఇళ్లకు పోలేదు. కూలిన గోడల దగ్గరికే తిరిగొచ్చారు. నేతవాళ్లు వెదుళ్లు పాతారు. మిల్లువాళ్లు టార్పాలిన్ కట్టారు. నాగదుర్గ సంచీ విప్పి, పేర్లు పిలిచి ఉత్తరాలు పంచసాగింది. అంతలో పోలీసు వ్యాను వచ్చి ఆగింది.

"ఎవత్తే దీనికి లీడరు?" అన్నాడు ఎస్సై.

"నేనే." సంపూర్ణమ్మ ముందుకొచ్చింది.

"పేరు?"

"సంపూర్ణమ్మ."

"మొగుడి పేరు?"

"శౌరయ్య. మీరు చంపినోడు."

"అడ్రసు?"

"గోనెమిల్లు పోస్టాఫీసు."

ఎస్సై ఆమె చెంప పగలగొట్టి వ్యానులోకి నెట్టాడు. భావనారాయణ పిలవకుండానే ఎక్కాడు. "నా అడ్రసూ అదేనండీ, రాసుకోండి." "నాదీ అదే!" "మాదీ అదేరా!" అంటూ ఆడా మగా తోసుకొచ్చారు. వ్యాను నిండిపోయింది. ఇంకా ఎక్కుతూనే ఉన్నారు.

టార్పాలిన్ కింద నాగదుర్గ గొంతెత్తి తర్వాతి పేరు పిలిచింది. వ్యాను లోపలినుంచి జవాబు వచ్చింది.